రోడ్డు కిందికి పోయిన ఇల్లు

నరసరావుపేటలో మేం అద్దెకు దిగింది ఒక ఇరుకు సందులో, పై వాటాలో. మాది రొంపిచెర్ల దగ్గర పల్లె. నాకు పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం దొరికింది. మా ఆయన మందుల హోల్‌సేల్ షాపులో పనిచేసేవాడు. సామాన్లు దించుకున్న మర్నాడు పొద్దున్నే ఎదురింటావిడ మెట్లెక్కి వచ్చి, "కుళాయి ఇంకాసేపట్లో వస్తదమ్మాయ్, మళ్ళీ రేపటిదాకా రాదు, బిందెలు దించుకో" అని చెప్పి వెళ్ళింది. అప్పటినుంచి ఆమె నాకు పిన్నమ్మ. ఆమె భర్త బాబాయి. మాకూ వాళ్ళకీ చుట్టరికం లేదు, వాళ్ళు క్రైస్తవులు, మేం కాదు. ఆ సందులో అవేవీ ఎవరూ అడగలేదు.

బాబాయి ఈపూరు వైపు బడుల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆరడుగుల మనిషి. మేం వచ్చేసరికే పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ గొంతు మాత్రం ఇంకా ఆటస్థలంలో ఉన్నట్టే ఉండేది. వాళ్ళకి పిల్లల్లేరు. సాయంత్రం ఎండ తగ్గగానే పిన్నమ్మ ఆయనకి స్నానం చేయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి గేటు బయటికి తోసుకొచ్చేది. వాళ్ళ వరండా, గేటు, రోడ్డు అన్నీ ఒకే ఎత్తులో ఉండేవి కాబట్టి కుర్చీ సాఫీగా దొర్లుకుంటూ వచ్చేసేది.

"ఈ ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీంచి మెట్లెక్కి లోపలికి రావాల్సి వచ్చేది," అని పిన్నమ్మ ఒకసారి చెప్పింది. "రోడ్డు వేసినప్పుడల్లా ఒక మెట్టు పోయింది. ఈయన పడిపోయినాక, పోనీలే, మెట్లు లేకపోవటమే మంచిదైంది అనుకున్నా."

కాలవ మీద వేసిన బండ పక్కన కుర్చీ ఆపి ఆమె లోపలికి వెళ్ళి వంట చూసుకునేది. ఆయన అక్కడే దీపాలు పెట్టే వేళ దాకా కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి పలకరించేవాళ్ళు. పక్కింటి ఆర్టీసీ కండక్టరు డ్యూటీ దిగి ఇంటికి పోకుండా ముందు ఆయన దగ్గరే నిలబడి ఆ రోజు బస్సులో జరిగినవి చెప్పేవాడు. ట్యూషన్లకి పోయే ఆడపిల్లల్ని ఆపి, "వీపు నిటారుగా పెట్టి నడవండమ్మా. బ్యాగంతా ఒక్క భుజానికే ఎందుకు తగిలించుకుంటారు," అనేవాడు. వాళ్ళు నవ్వుకుంటూనే సర్దుకునేవాళ్ళు. స్కూలు నుంచి అలిసిపోయి వంగి నడిచొచ్చే నేను కూడా, మలుపులో ఆయన కనపడగానే నిటారుగా అయ్యేదాన్ని.

తర్వాత పేట జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చాయి, ఆఫీసులతో పాటు మనుషులొచ్చారు. అద్దెలు పెరిగాయి. సందు చివర పాత పెంకుటిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు. పెద్ద రోడ్డు మీద ట్రాఫిక్ తట్టుకోలేక కార్లూ బైకులూ మా సందునే దగ్గరదారి చేసుకున్నాయి. అంతకుముందే చితికిపోయి ఉన్న రోడ్డు ఆ దెబ్బతో గుంటలు పడిపోయింది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఆటోవాళ్ళు సందు మొగలోనే దింపేసి పొమ్మనేవాళ్ళు. అందరం రోడ్డు కావాలని అడిగాం. నేను కూడా అడిగాను.

చివరికి సిమెంటు రోడ్డు మంజూరైందని తెలిసినప్పుడు సందంతా సంతోషించింది. కొలతలకి వచ్చినవాళ్ళకి పిన్నమ్మే మజ్జిగ ఇచ్చింది. గ్లాసులు తిరిగి తీసుకుంటూ వాళ్ళ మేస్త్రిని అడిగింది.

"పాత రోడ్డు తవ్వి తీసేసి వేస్తారా నాయనా, దాని మీదనే పోస్తారా?"

"మీదనేనమ్మా. తవ్వకం పని మాకియ్యలా."

"మరి మా గేటు సంగతేంది?"

మేస్త్రి ఆ ఇంటి వైపు, రోడ్డు వైపు చూశాడు. "అది మీరు ఆఫీసులో అడగాలమ్మా. మాకు చెప్పినంత ఎత్తు మేం పోస్తాం," అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఇల్లిల్లూ తిరిగి, అందరం కలిసి వెళ్ళి తవ్వి వేయమని అడుగుదామంది. మిగతా ఇళ్ళు చాలావరకు కొత్తగా కట్టినవి, పునాదులు ఎత్తుగా లేపి కట్టినవి. మా ఇంటి ఓనరు ఆమెను నొప్పించకుండానే చెప్పాడు. "ఇన్నాళ్ళకి రోడ్డు పడటమే గొప్ప. ఇప్పుడు మనం మెలిక పెడితే ఇంకో సందుకి పోద్ది. వానాకాలంలో ఏదన్నా ఇబ్బందైతే అప్పుడు చూద్దాంలే." అందరూ దాదాపు ఇదే అన్నారు. ఆమె తిరిగి వచ్చి చెబితే బాబాయి, "ఊరుకోవే. సందులో అందరికీ మంచిదే గదా," అన్నాడు.

రోడ్డు పడింది. పిల్లలు ఆ నునుపు మీద సైకిళ్ళు తొక్కారు. ఆటో మా మెట్ల దాకా వచ్చింది. వాళ్ళ గేటు మాత్రం బయటికి తెరుచుకోవడం మానేసింది. కొత్త రోడ్డు అంచు రేకుకి అడ్డం తగిలేది. మనిషిని పిలిపించి గేటు ఊడదీసి లోపలికి తెరుచుకునేట్టు తిరగేసి బిగించారు. ఇటుకలు పేర్చి, మీద సిమెంటు పూసి చిన్న వాలు చేశారు. పిన్నమ్మ వెనకనుంచి తోస్తే, ఎవరో ఒకరం ముందునుంచి లాగితే కుర్చీ ఎక్కేది. అంతటితో సరిపోతుందనే అనుకున్నాం.

మొదటి పెద్దవాన ఒక ఆదివారం మధ్యాహ్నం పడింది. నేను బట్టలు తీయడానికి బాల్కనీలోకి వచ్చి కిందికి చూశాను. సందులో పడిన నీరంతా, పై సందుల్లో పడిన నీరు కూడా, ఆ సిమెంటు మీద పంట కాలవలా పారుతూ వస్తోంది. అలా వస్తూ వస్తూ వాళ్ళ గేటు దగ్గర ఒక్కసారిగా పక్కకి తిరిగి లోపలికి పోతోంది. కాలవ కూడా పొంగి దానితో కలిసింది. నేనూ మా ఆయనా పరిగెత్తాం. ముందు గదిలో పాదం మునిగే నీళ్ళు, నల్లగా, దుర్వాసన. చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు, ఎవరి ఇంట్లోవో కూరగాయల తొక్కలు తేలుతున్నాయి. బాబాయి మంచం మీద ఉన్నాడు. పిన్నమ్మ ఆయన ఒళ్ళో బైబిలు, బియ్యం డబ్బా, మందుల సంచి పెట్టి, చీర ఎగదోపుకుని చేటతో నీళ్ళు ఎత్తిపోస్తోంది. ఎత్తిపోసినవి ఎత్తిపోసినట్టే తిరిగి వస్తున్నాయి.

"వాన ఆగందే లాభం లేదే. కూర్చో కాసేపు," అన్నాడు బాబాయి.

"కూర్చోటానికి ఏదీ చోటు," అంది ఆమె. అప్పుడు ఆయన మంచం మీద ఎడంచేత్తో తన కాళ్ళు పక్కకి జరుపుకుని ఆమెకు చోటు ఇచ్చాడు. వాన తగ్గేదాకా ఇద్దరూ ఆ మంచం మీదే కూర్చున్నారు.

అర్జీలు తీసుకునే రోజున నేను స్కూలుకి ఆలస్యంగా వస్తానని చెప్పి ఆమెతో పాటు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. చాలాసేపు వరసలో నిలబడ్డాక మా వంతు వచ్చింది. అధికారి చిన్న వయసువాడు. ఫోనులో నేను తీసిన ఫోటోలు ఓపిగ్గా చూశాడు.

"ఇల్లు పల్లంలో కట్టుకున్నట్టున్నారు కదమ్మా," అన్నాడు.

"కట్టినప్పుడు పల్లం కాదు బాబూ. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేటోళ్ళం. ఇల్లు దిగలా, రోడ్డే లేచింది."

అతను ఫోను నాకు తిరిగి ఇచ్చాడు. "వేసిన రోడ్డు ఇప్పుడు పగలగొట్టలేం కదమ్మా. కాలవ పూడిక తీయిస్తా. మీరు గేటుకి అడ్డంగా గోడ కట్టించుకోండి. చానామంది అట్నే చేసుకుంటున్నారు," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిన్నమ్మ, "మంచోడే పాపం, కసురుకోలా," అంది. కసురుకోకపోవడం కూడా చెప్పుకోదగ్గ మేలయిందే అని నాకు లోపల చాలా కష్టంగా అనిపించింది.

గోడ కట్టడానికి మేస్త్రి వచ్చిన రోజు బాబాయి వరండాలో కుర్చీలో కూర్చుని చూశాడు. మేస్త్రి మోకాలెత్తు దాకా దారం కట్టాడు.

"ఇంకొంచెం తగ్గించు నాయనా," అన్నాడు బాబాయి.

"తగ్గిస్తే నీళ్ళాగవు సార్."

బాబాయి పిన్నమ్మ వైపు చూశాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "దారం ఉన్న కాడికే కట్టు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పడిన వానకి నీళ్ళు గోడ దగ్గర ఆగాయి. పిన్నమ్మ గొడుగు పట్టుకుని వరండాలో నిలబడి ఆ గోడ వైపే చూస్తూ ఉండటం మా బాల్కనీలోంచి కనపడింది. ఆమె ముఖం తేటగా ఉంది.

కుర్చీ బయటికి రావడం మాత్రం అంత తేలిక కాలేదు. కొన్నాళ్ళు మా ఆయనా, కండక్టరూ చెరోవైపు పట్టి కుర్చీతో సహా ఆయన్ని గోడ దాటించేవాళ్ళు. చీకటి పడ్డాక మళ్ళీ లోపలికి. కండక్టరుకి హైదరాబాదు సర్వీసు పడింది, రోజు మార్చి రోజు ఊళ్ళో ఉండేవాడు కాదు. మా ఆయనకి షాపులో స్టాకు పనుల వల్ల ఆలస్యమయ్యేది. తనకోసం ఎవరన్నా ఎదురుచూస్తున్నారని తెలిస్తే బాబాయి, "ఇయ్యాల ఒంట్లో నలతగా ఉంది, వద్దులే," అనేవాడు. వడ్రంగితో చెక్క వాలు చేయించారు. ముందున్న జాగా చాలక అది బాగా నిటారుగా వచ్చింది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు పిన్నమ్మ ఒక్కతే తోయబోయింది. సగం ఎక్కాక ఆమె చేతులు జారాయి. కుర్చీ వెనక్కి దొర్లి పక్కకి ఒరిగింది. ఆయన మోచెయ్యి చీరుకుపోయింది, ఎముక విరగలేదు. నేను వెళ్ళేసరికి ఆమె కింద కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"ఏం కాలా అమ్మాయ్," అన్నాడు ఆయన. "దీన్ని ఏడవొద్దని చెప్పు."

ఆ తర్వాత ఆయన బయటికి రానన్నాడు. ఎంత అడిగినా "ఎందుకులే" అనేవాడు.

ముందు గది కిటికీ దగ్గరికి మంచం మార్చుకున్నాడు. ఆ కిటికీ ఒకప్పుడు రోడ్డుకి ఎత్తులో ఉండేదట. ఇప్పుడు కిందికి పోయింది, చెమ్మకి ఉబ్బి పై రెక్కలు తెరుచుకునేవి కావు. కింది రెక్కల్లోంచి చూస్తే నడిచేవాళ్ళ మోకాళ్ళ కిందిభాగం, బండ్ల చక్రాలు, కుక్కలు మాత్రమే కనిపించేవి. కొన్నాళ్ళకి ఆయన కాళ్ళని బట్టి మనుషుల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి పెరుగు ఇవ్వడానికి వెళితే, "మీ ఆయన కొత్త చెప్పులు కొన్నాడు కదా. ఎడమది కరుస్తున్నట్టుంది, కుంటుతున్నాడు," అన్నాడు. నిజమే. నేను నవ్వాను, ఆయన కూడా నవ్వాడు. అంతలోనే, "ఆ ట్యూషన్ పిల్లలు ఎదిగారా అమ్మాయ్? నాకు పాదాలే కనపడుతున్నాయి," అన్నాడు. ఎదిగారని చెప్పాను.

ఆ ఏడు తుఫాను ముసురు పట్టి వదల్లేదు. ఒక ఉదయం నీళ్ళు గోడ మీదుగా దాటి లోపలికి వచ్చాయి. గోడ ఉండటం వల్ల లోపల చేరిన నీళ్ళు బయటికి పోయే దారి కూడా లేదు. మా ఆయనా కండక్టరూ నడుం దాకా తడిసి బాబాయిని కుర్చీలోనే మా మెట్లెక్కించి పైకి తెచ్చారు. మా ముందుగదిలో వాళ్ళిద్దరికీ పక్కలు వేశాను.

వాన తెరిపిచ్చాక ఆయన బాల్కనీలోకి తోయమన్నాడు. తోసి రెయిలింగు దగ్గర ఆపాను. ఆయన కింద సందుని ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు. మబ్బు విడిన చోట దూరంగా కోటప్పకొండ కనపడుతోంది. "ఇప్పుడు మొహాలు కనపడతన్నయ్," అన్నాడు. కిందినుంచి వెళ్ళేవాళ్ళని పేరు పెట్టి పిలిచాడు. వాళ్ళు తలెత్తి ఎక్కడినుంచి వినిపించిందా అని వెతుక్కున్నారు. కూరగాయల బండివాడు ఆగి, "మాస్టారూ, మీరు ఊళ్ళోనే లేరనుకున్నా," అన్నాడు. "నీ జుట్టు అంత నెరిసిందేందిరా," అన్నాడు ఆయన. ఆ రోజు మామూలు కంటే ఎక్కువ అన్నం తిన్నాడు.

కొన్నాళ్ళు ఉండిపొమ్మని నేనన్నాను. నీళ్ళు లాగేశాయని తెలియగానే పిన్నమ్మ బట్టలు సర్దడం మొదలుపెట్టింది. "నువ్వు స్కూలుకి పోవాల, నీకెందుకమ్మాయ్ ఈ చాకిరీ. మా ఇంట్లో మేం ఉండాల," అంది. కిందికి దించేటప్పుడు బాబాయి, మెట్ల మలుపు దాకా, బాల్కనీ వైపే చూస్తున్నాడు.

ఆ ఇల్లు ఇక ఆరలేదు. గోడలు మంచం ఎత్తు దాకా చెమ్మగిల్లి పెచ్చులు రాలాయి. ఎన్నిసార్లు ఫినాయిల్ వేసి కడిగినా కాలవ వాసన పోలేదు. ఆయనకి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ఆస్పత్రిలో ఉంచి, కొంచెం తేరుకున్నాక పంపించారు. క్రిస్మస్ దగ్గర పడుతుంటే వాళ్ళ గుమ్మానికి కాగితపు నక్షత్రం నేనే స్టూలెక్కి కట్టాను. అది వెలుగుతుండగానే, ఒక ఉదయం, పిన్నమ్మ కాఫీ కలుపుతుండగా ఆయన పోయాడు. ఆమె కేకలు పెట్టలేదు. రోడ్డు మీదికి వచ్చి, గోడకి ఇవతల నిలబడి, నా పేరు పిలిచింది.

ఈపూరు నుంచి ఆమె చెల్లెలూ మరిదీ వచ్చారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, ఇప్పుడు నడివయసు మనుషులు, చాలామంది వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పాటలు పాడారు. పెట్టె ఎత్తి వరండాలోకి తెచ్చాక గేటు దగ్గర ఆగారు. ఆ సన్నటి గేటులోంచి, మోకాలెత్తు గోడ మీదుగా పొడవైన పెట్టె తేవాలంటే ముందువాళ్ళు ఎత్తి పట్టాలి, వెనకవాళ్ళు వంగాలి. పెట్టె తల వైపు పైకి లేచింది. లోపల ఆయన కాళ్ళ వైపు జారిన చప్పుడు వినిపించింది.

"ఆపండి," అంది పిన్నమ్మ.

అందరూ ఆగారు.

"ఆయన్ని దించండి. ఆ గోడ కొట్టెయ్యండి."

"ఇప్పుడెందుకు వదినా, ఎట్టోగట్ట దాటిస్తాంలే," అన్నాడు మరిది.

"బతికినన్నాళ్ళూ ఎట్టోగట్టనే దాటించారు. ఇప్పుడు తిన్నగా పోవాల. కొట్టెయ్యండి."

కండక్టరు ఇంట్లోకి వెళ్ళి పలుగు తెచ్చాడు. పెట్టెని వరండాలో దించి, అందరూ చుట్టూ నిలబడి ఉండగా గోడ కొట్టాడు. సిమెంటు గట్టిది, చాలాసేపు పట్టింది. ఆ పలుగు చప్పుడుకి మా ఓనరూ, అపార్ట్‌మెంటులోని వాళ్ళూ బయటికి వచ్చి చూశారు. మా ఆయన ఇటుక ముక్కలు పక్కకి ఎత్తిపోశాడు. పాత వాలు మీదుగా నలుగురూ పెట్టెని సమంగా మోసుకుంటూ రోడ్డు మీదికి తెచ్చారు.

తర్వాత గోడ మళ్ళీ కట్టిద్దామా అని నేను అడిగాను. వద్దంది. తర్వాతి ఏడు వానలకి నీళ్ళు వచ్చాయి. ఆమె మంచాలకి రెండేసి ఇటుకలు ఎత్తు పెట్టుకుని, వాన పడినప్పుడల్లా పైకి ఎక్కి కూర్చునేది, లేదా మా ఇంటికి వచ్చేది. ఒకరోజు చెల్లెలు వచ్చి ఆమెను ఈపూరు తీసుకెళ్ళింది. ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి, లారీలతో గ్రావెల్ తోలించి, రోడ్డు కంటే నడుమెత్తు లేపి మూడంతస్తులు కట్టారు. వాన నీరు ఇప్పుడు ఆ మెట్లకి తగిలి పక్కకి మళ్ళి కండక్టరు ఇంట్లోకి పోతోంది. అతను గేటుకి అడ్డంగా కట్టుకోవడానికి ఇటుకలు తెప్పించుకున్నాడు. ఇద్దరం కలిసి అదే ఆఫీసుకి రెండుసార్లు వెళ్ళొచ్చాం. పాత అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన కూడా ఫోటోలు చూశాడు.

పోయిన నవంబరులో, సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే రోజున, పిన్నమ్మ పేటకి వచ్చింది. బస్టాండుకి వెళ్ళి ఆమెను తీసుకుని నేరుగా శ్మశానానికి వెళ్ళాం. బాగా చిక్కిపోయింది. సమాధి మీద గడ్డి పీకి, కడిగి, బంతిపూలు పరిచింది. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే నేను చేతులు అడ్డం పెట్టాను. ఆమె చాలాసేపు ప్రార్థన చేసుకుంది.

అయ్యాక, ఇంటికి వచ్చి భోంచేసి సాయంత్రం బస్సుకి పోదువు గానీ అన్నాను.

"వద్దమ్మాయ్," అంది. "ఆ సందులోకి నేను రాలేను."

నేను బలవంతం చేయలేదు. బస్టాండు దగ్గర హోటల్లో ఇద్దరం ఇడ్లీ తిన్నాం. ఆమె ఒకటి తిని రెండోది వదిలేసింది. వినుకొండ బస్సు వచ్చింది, అక్కడ దిగి ఈపూరు బస్సు ఎక్కాలి. కిటికీ పక్క సీటు దొరికింది. "స్కూలుకి టైమవుద్ది, పో ఇంక," అంది. ఆ రోజు స్కూలు లేదని చెప్పాను. బస్సు కదిలేదాకా నిలబడి, తర్వాత ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను.